గంగమ్మ కోక

క్షమించడం గొప్ప గుణమని నలభై ఏళ్ళ పాటు పిల్లలకు పాఠం చెప్పాను. నాకు మాత్రం అది ఒంటపట్టలేదు. ఎనభై దాటాక ఇంకా దాపరికం ఎందుకని ఇవాళ ఈ పుస్తకంలో ఒప్పేసుకుంటున్నాను. నా కడుపులో ఒక కక్ష ఉంది. దాన్ని తొమ్మిదేళ్ళ వయసు నుంచీ ఆరిపోకుండా చూసుకున్నాను.

మొన్న ఎండాకాలంలో నరసరావుపేటలో మా ఇంటి ముందు ఒక కారు ఆగింది. దిగినాయన పేరు భాస్కరరావు. అరవై దాటిన మనిషి, మా ఊరి పాత మునసబు గారి మనవడు. "టీచర్ గారూ" అంటూ చేతులు జోడించి లోపలికి వచ్చాడు. నేను స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు ఇస్తే అందుకుని గటగటా తాగాడు. ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా నేను కళ్ళు తిప్పలేదు. వాళ్ళ తాత చూస్తే ఏమయ్యేవాడో అనుకుని లోలోపల కాస్త సంతోషించాను కూడా. ఆయన వచ్చిన పని ఏమిటంటే, మా ఊరి చెరువులో పూడిక తీస్తున్నారట. పాత తూము బయటపడిందట. దాని నోటికి బిరడాలా పెట్టే కర్ర మొద్దు దొరికిందట, చుట్టిన గుడ్డతో సహా.

"మా నాయనమ్మ ఏటేటా గంగమ్మకి పెట్టిన కోక అండీ అది. ఇన్నేళ్ళు బురదలో ఉన్నా చూడండి, ఎట్టా నిలిచిందో! ఆవిడ మడి, ఆవిడ భక్తి అట్టాంటియ్యి" అంటూ ఫోను నా చేతికిచ్చాడు. కట్ట మీద చిన్న మంటపం కట్టి, ఆ మొద్దును అద్దాల పెట్టెలో పెట్టి, పక్కన వాళ్ళ నాయనమ్మ పేరు రాతి మీద చెక్కిస్తున్నారట. ఊళ్ళో పుట్టి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన పెద్దదాన్ని కనక నేనొచ్చి తెర తియ్యాలట. నేను ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూశాను. నల్లబడిన గుడ్డ మీద ఒకచోట అడ్డంగా, నిలువుగా, జల్లెడలా కుట్టిన అతుకు కనపడింది. ఆ కుట్టును క్రైస్తవ మిషను దొరసాని దగ్గర నేర్చుకున్న ఆడమనిషి ఊరి బయట మా పల్లెలో ఒక్కతే. మా అమ్మ ఏస్తేరమ్మ.

"తప్పకుండా వస్తానండీ" అన్నాను. అంత తొందరగా ఒప్పుకుంటానని ఆయన అనుకోలేదు.

మాది రొంపిచెర్ల వైపు రాళ్ళ నేల. గుట్ట మీద నుంచి దిగే వాన నీళ్ళను ఆపుకున్న చిన్న చెరువు తప్ప ఆ రోజుల్లో మరో ఆధారం లేదు. చెరువు చిన్నదే గానీ దాని చుట్టూ మనుషుల్ని పంచిపెట్టిన తీరు పెద్దది. తూర్పున నాపరాళ్ళు పరిచిన మంచినీళ్ళ రేవు ఊరివాళ్ళది. దాని పక్కన చాకలి రేవు. ఇంకాస్త అవతల గొడ్ల రేవు, అక్కడ బర్రెలు మెడల దాకా దిగి మధ్యాహ్నమంతా పడుకునేవి. మాకు రేవు లేదు. కట్టకు ఇవతల, తూము కింద ఊరే నీళ్ళు నిలిచే గుంట మాది. నీరెండలో ఆ గుంట మీద పాకుడు పచ్చగా మెరిసేది. అమ్మ దాన్ని అరచేత్తో పక్కకి తోసి కుండ ముంచేది. ఇంటికొచ్చాక ఇండుపగింజ అరగదీసి వేసి తేర్చేది. ఈనాటికీ నాకు పాకుడు వాసన వస్తే జొన్న సంగటి, ఎండుచేపల పులుసు, అమ్మ తడి చేతులు, అన్నీ ఒకేసారి గుర్తొస్తాయి. ఎండలు ముదిరి గుంట ఎండిపోతే ఊరి రేవు గట్టు మీద కుండలు పెట్టుకుని నిలబడేవాళ్ళం. ఎవరో ఒకరికి దయ కలిగి వాళ్ళ బిందె ఎత్తి మా కుండలో పొయ్యాలి. రాయి దాటి మేం కాలు పెట్టకూడదు.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. ఆ చెరువుకు నీరుకట్టు మా తాత. నీరుకట్టు అంటే తూము తీసి పొలాలకు నీళ్ళు వదిలి, మళ్ళీ మూసేవాడు. మా తాత పేరు యోహాను, నాన్నకు నాన్న. ఆ పని ఆయనకు వాళ్ళ నాన్న నుంచి వచ్చింది. చెరువు నిండితే తూము నోరు రెండు నిలువుల లోతున ఉంటుంది. దాన్ని తియ్యాలన్నా ముయ్యాలన్నా ఆయన మునగాల్సిందే. నోట్లో చుట్టను తీసి కట్ట మీద రాయి కింద దాచి, గోచీ బిగించి, అదేమంత పని కాదన్నట్టు బుడుంగున మునిగేవాడు. మేం ఊపిరి బిగబట్టి లెక్కపెట్టేవాళ్ళం. నల్లటి తల పైకి తేలాక ఊరి పెద్దలు "హమ్మయ్య" అనుకునేవాళ్ళు. తాత ఒళ్ళంతా మునిగిన నీళ్ళు వాళ్ళకు పనికొచ్చేవి, మా అమ్మ కుండ మూతి తగిలిన నీళ్ళు మాత్రం పనికొచ్చేవి కావు. చిన్నప్పుడు దీని గురించి తాతనడిగాను. "నేను మునిగేది ఆళ్ళ పొలాల కోసం గదే. మీ అమ్మ ముంచేది మన కడుపు కోసం. తేడా అదే" అన్నాడు. అంతకంటే మంచి జవాబు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఏటా తొలకరికి ముందు, చెరువు అడుగంటినప్పుడు, తూము మొద్దుకు కొత్త గుడ్డ చుట్టి బిగించేవాళ్ళు. గుడ్డా, ఎండుగడ్డీ, పైన బంకమట్టీ ఉంటేనే నీరు కారకుండా నిలిచేది. ఆ గుడ్డ మునసబు గారింటి నుంచి రావాలి. అది వాళ్ళ వంశం హక్కు. మునసబు గారి భార్య సీతారావమ్మ గారు తను కట్టిన జరీ అంచు కోక ఒకటి పళ్ళెంలో పసుపు కుంకాలతో పెట్టి తెచ్చేది. గంగమ్మ కోక అనేవాళ్ళు దాన్ని. మైల తగిలిన గుడ్డ చుడితే గంగమ్మ కోపగించి కట్ట తెంపుకు పోతుందని ఊరంతా నమ్మేది. మా తాత దోసిలి పడితే, చెయ్యి తగలకుండా జానెడు పై నుంచి ఆమె కోకను జారవిడిచేది. మైల తగలకూడని కోకను పట్టుకుని కట్టేది మా తాతేనన్న సంగతి మాత్రం ఎవరికీ అడ్డం రాలేదు.

ఆ ఏడు వేసవిలో మా తమ్ముడు సామేలుకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. వాడికి ఏడాదిన్నర. రెండో రోజుకు కళ్ళు లోపలికి పోయి, పెదాలు పగిలి, ఏడవడానికి కూడా ఓపిక లేక నాలిక బయటపెట్టి ఊరుకునేవాడు. గుంట ఎండి పది రోజులైంది. పల్లె మొత్తం మీద కుండలు బోర్లా పడి ఉన్నాయి. తాతా నాన్నా కావిడి తీసుకుని దూరాన వాగులో చెలమ తవ్వడానికి వెళ్ళారు. అమ్మ పిల్లవాణ్ణి పక్కింటి అవ్వ ఒళ్ళో పడుకోబెట్టి, రెండు కుండలు తీసుకుని నన్ను వెంటబెట్టుకుని రేవుకు వచ్చింది. ఆ రోజు మునసబు గారింట్లో పెళ్ళి. బిందెల మీద బిందెలు పోతున్నాయి. అమ్మ గట్టు మీద నిలబడి వచ్చిన ప్రతి మనిషినీ అడిగింది. "అమ్మా, పిల్లోడు నోరెండిపోతన్నాడు, ఒక్క చెంబుడు పొయ్యండమ్మా." "పెళ్ళి నీళ్ళే, ఆగు" అని ఒకామె. "కనపడట్లా, ఎంత తొందర్లో ఉన్నామో" అని ఇంకొకామె. పొద్దు నడినెత్తికొచ్చింది. ఇసక కాలి నా పాదాలు బొబ్బలెక్కాయి. అప్పుడు అమ్మ ఇంక ఎవరినీ అడగలేదు. తిన్నగా రాళ్ళు దిగి, మోకాలి లోతున నిలబడి కుండ ముంచింది.

కేకలు లేచాయి. సీతారావమ్మ గారు పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వచ్చింది. "ఎంత పొగరే నీకు! పెళ్ళి నీళ్ళు మైల చేత్తావా?" అంది. పాలేరు వైపు చూసింది. వాడు చేతికర్రతో రెండు కుండల మీదా ఒక్కో దెబ్బ వేసి పగలగొట్టాడు. నీళ్ళు అమ్మ ఒంటి మీద నుంచి కారిపోయాయి. సీతారావమ్మ గారు అంతటితో ఆగలేదు. "ఏరుకో. ఒక్క పెంకు కూడా నా రేవులో ఉండగూడదు" అంది. అమ్మ వంగి, నీళ్ళలో చేతులు పెట్టి తడుముకుంటూ ప్రతి పెంకూ ఏరి కొంగులో వేసుకుంది. నేను కూడా ఏరబోతే "నువ్వు రావాకే" అని కసిరింది. ఆ మూటతో కట్ట పొడుగునా మమ్మల్ని నడిపించారు, పెళ్ళివాళ్ళు చూస్తుండగా. కొంగు రెండుచోట్ల చిరిగి పెంకుల మొనలు బయటికొచ్చాయి. మా వెనక రేవు రాళ్ళ మీద పేడనీళ్ళు చల్లి కడుగుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

మేం ఇంటికి చేరేసరికి సామేలు పోయాడు. వాడి నాలిక కాస్త బయటికే ఉంది, పొడిగా. అవ్వ అమ్మ మొహం చూడలేక తల వంచుకుంది. తాతా నాన్నా చెలమ నీళ్ళ కావిడితో వచ్చింది ఆ తరవాత. ఆ నీళ్ళతోనే వాడికి స్నానం చేయించారు. పెద్దయ్యాక, బళ్ళో పిల్లలకు చెప్పమని గవర్నమెంటు వాళ్ళు నాకొక కాయితం ఇచ్చారు. విరేచనాలైన బిడ్డకు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తాపుతుంటే బతుకుతుందని. ఆ పాఠం నేను ఎన్నిసార్లు చెప్పానో, అన్నిసార్లూ ఆ పెళ్ళి గుర్తొచ్చి పళ్ళు కొరికాను. చెంబెడు నీళ్ళు, చిటికెడు ఉప్పు. అంతే.

మా నాన్న మిషను బడిలో పంతులు. మెత్తని మనిషి. సాయంత్రం ప్రార్థనలో మునసబు గారి కుటుంబాన్ని కూడా దీవించమని అడిగేవాడు. సామేలు పోయిన మూడో రోజు కూడా అడిగాడు. అమ్మ కళ్ళు తెరిచేసింది.

"ఏంది నువ్వు చేసే పని?"

"పగ మనది గాదు ఏస్తేరూ. దేవుడు చూసుకుంటాడు."

"దేవుడికి చానా పనులుంటయ్. ఇది నేను చూసుకుంటాలే" అంది అమ్మ.

అమ్మకు ఉన్నవి రెండే కోకలు. అందుకని చిరిగిన కొంగుకు అతుకులు వేసుకుని అదే కట్టుకుని కూలికి పోయేది. కుట్టేటప్పుడు కన్నీళ్ళు లేవు. సూది మాత్రం గట్టిగా గుచ్చేది. మబ్బులు కమ్ముకునే రోజుల్లో ఒక ఉదయం తాత ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. రేపు మొద్దు చుట్టే రోజు. మామాకోడళ్ళు అంత దగ్గరగా కూర్చుని మాట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మాయ్, ఆ కొంగు నాకియ్యి."

"ఎందుకు మామా?"

"ఆళ్ళు నీ కుండ మూతి తగలనియ్యలేదు గదా. నీ కోకే నానబెడతా. ఏడాది పొడుగూ తాగుతారు."

 అమ్మ లేచి లోపలికి వెళ్ళి, రెండో కోక కట్టుకుని, మొదటిదాని కొంగు సగానికి చింపి తెచ్చి తాత ఒళ్ళో పెట్టింది. నా వైపు తిరిగి, "నువ్ నోరు జారితే మీ తాతని కట్ట మీదే చంపుతారు. ఇనపడిందా?" అంది. వినపడింది. ఎంత బాగా వినపడిందంటే, పెళ్ళయ్యాక మా ఆయనకు కూడా చెప్పలేదు.

మర్నాడు నేను కట్ట మీదే ఉన్నాను. డప్పులు మోగాయి. సీతారావమ్మ గారు కోక జారవిడిచింది. పసుపుపచ్చ కోక, ఎర్ర జరీ అంచుది. తాత దాన్ని కళ్ళకద్దుకుని, మొద్దు భుజాన వేసుకుని, బురదలో తూము చుట్టూ కట్టిన రాతి గూట్లోకి దిగాడు. అక్కడికి మరొకరు దిగరు, మోకాళ్ళు కూరుకుపోతాయి గనక. అమ్మ కొంగు ఆయన మొలకు చుట్టుకుని ఉంది, పైన గోనెపట్టా. గూట్లోంచి బయటికొచ్చేసరికి మొద్దు నిండా గడ్డీ బంకమట్టీ తప్ప ఏమీ కనపడలేదు. గోనెపట్టా కింద తాత పొట్ట కాస్త లావెక్కింది. నాకు నవ్వు, భయం కలిసి వచ్చి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. పక్కనున్న పిన్ని వీపు మీద చరిచింది.

జరీ కోకను ఏం చెయ్యాలో అమ్మ రెండు రోజులు ఆలోచించింది. నేను పావడా కుట్టించమని ఆశపడ్డాను. "అది కట్టింది మనం కట్టేదేంది!" అని నా నెత్తిన మొట్టింది. అంచు కత్తిరించి పొయ్యిలో వేసింది. మిగతాది నాలుగు ముక్కలు చేసి అలుకు గుడ్డలు చేసింది. తెల్లవారి లేచి పేడనీళ్ళ తొట్టిలో ఆ గుడ్డ ముంచి, పిండి, వాకిలంతా అలికేది. అంత నున్నగా అలికిన వాకిలి మా పల్లెలో ఇంకోటి లేదు. పేడనీళ్ళ వాసన అందరికీ ఎలా ఉంటుందో నాకు తెలియదు. నాకు మాత్రం అది ఈనాటికీ హాయిగానే ఉంటుంది.

ఒక రోజు ఆ అలుకు మధ్యలోనే గండం వచ్చింది. నైరుతి వానలు దండిగా పడి చెరువు అలుగు పారే దశలో ఉంది. తూము తియ్యాలని తాతను పిలవడానికి మునసబు గారు స్వయంగా పల్లెలోకి వచ్చాడు. ఆయన మా వాకిట్లో నిలబడేసరికి అమ్మ చేతిలో ఆయన పెళ్ళాం కోక ముక్క ఉంది. నీళ్ళలో పసుపురంగు బాగా తేలి కనపడుతోంది.  అమ్మ తల ఎత్తలేదు. గుడ్డను మెల్లగా తొట్టిలోకి నొక్కి, మరో పిడికెడు పేడ దాని మీద వేసి కలిపింది.

"ఏమే ఏస్తేరూ, మీ మామేడీ?"

"కట్ట మీదే ఉన్నాడయ్యా."

ఆయన కదల్లేదు. వాకిలి వైపు చూశాడు. "బానే అలుకుతన్నావే. అద్దం మాదిరుంది."

"గుడ్డ మంచిదయ్యా" అంది అమ్మ.

ఆయన తలాడించి వెళ్ళిపోయాడు. ఆయన సందు తిరిగేదాకా ఆగి, అమ్మ తొట్టి పక్కన కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. సామేలు పోయాక ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదలు. నవ్వీ నవ్వీ చివరికి ఏడ్చింది.

ఆ ఏడు చెరువు నిండినట్టు మళ్ళీ నిండలేదని పెద్దవాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. కట్ట ఎక్కడా జారలేదు, తూము చుక్క కారలేదు. వరి విరగపండింది. "అంతా నా కోక మహిమ" అని సీతారావమ్మ గారు పేరంటాల్లో చెప్పుకుంది. ప్రతి ఏడూ కొత్త కోక ఇచ్చింది, ప్రతి ఏడూ మా ఇంటికి అలుకు గుడ్డలు వచ్చాయి. తాత పై చుట్లు అమ్మ పాత గుడ్డలతోనే మార్చేవాడు గానీ, మేకులు కొట్టి బిగించిన లోపలి చుట్టును, ఆ అతుకుల కొంగును, మాత్రం కదిలించలేదు; పై చుట్లు కుళ్ళి రాలిపోయాక మిగిలింది అదే. మా అమ్మ కొంగుకు మైల ఉందని నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మింది వాళ్ళు. వాళ్ళ నమ్మకంతోనే వాళ్ళను కొట్టాడు మా తాత. ఆ నీళ్ళతోనే వాళ్ళు దేవుడికి దీపం కుందులు కడిగారు, బియ్యం ఎసరు పెట్టారు, బిడ్డలకు తలంటు పోశారు. ఊరి రేవు మీదుగా పోతున్నప్పుడల్లా అమ్మ ఒక్క క్షణం ఆగి, బిందెలు నింపుకుంటున్న వాళ్ళను చూసి, "తాగండమ్మా, తాగండి" అని గొణుక్కునేది.

తరవాత సాగరు కాలవ వచ్చింది. చెరువుకు ఇనప తలుపు పెట్టారు. పాత తూము పూడిపోయింది. తాతా, నాన్నా, అమ్మా ఒకరి వెనక ఒకరు చర్చి వెనక మట్టిలోకి వెళ్ళారు. ఇప్పుడు ఆ చెరువు నీళ్ళు ఎవరూ తాగరు. పల్లెకీ ఊరికీ ఒకే ట్యాంకు నుంచి కొళాయిలున్నాయి, తాగడానికి అందరూ డబ్బా నీళ్ళే కొనుక్కుంటున్నారు. మారలేదని నేననను. మునసబు మనవడు నా ఇంట నీళ్ళు తాగాడు. కానీ మారిందని సంబరపడమంటే మాత్రం పడలేను. సామేలుకు ఆ మార్పు అందలేదు.

పోయిన నెలలో ఆ మంటపం దగ్గరికి వెళ్ళాను. కట్టంతా బల్లలు, పూలకుండీలు. మంచినీళ్ళ రేవు ఉన్నచోట పడవ కట్టి ఉంది. నేను తెర లాగాను, అందరూ చప్పట్లు కొట్టారు. రాతి మీద సీతారావమ్మ గారి పేరు బంగారు రంగులో ఉంది. పెట్టెకు ఇంకా మూత బిగించలేదు. నేను వంగి ఆ అతుకు మీద వేలు పెట్టబోయాను.

"ముట్టుకోకండి టీచర్ గారూ, పొడైపోద్ది" అన్నాడు భాస్కరరావు.

పాపం, ఆయన వేరే ఉద్దేశంతో అనలేదు. అయినా ఆ ఇంటి మనిషి నోట, ఆ కట్ట మీద, అదే మాట. నేను వేలు తియ్యలేదు. అమ్మ కుట్టు వరసలు ఒక్కొక్కటే తడిమి చూసి, అప్పుడు పక్కకు జరిగాను. తరవాత ఆ కుటుంబం వరసగా వచ్చింది. భాస్కరరావు, ఆయన భార్య, కొడుకులు, కోడళ్ళు, మనవలు. పసుపు కుంకాలు పెట్టారు. దండ వేశారు. ఒక్కొక్కరూ రెండు చేతులతో పెట్టెను తాకి కళ్ళకద్దుకున్నారు. చిన్నపిల్ల ఒకతె సాష్టాంగం కూడా చేసింది. మైకు నాకిచ్చారు. "ఈ కోక కట్టిన మహాతల్లి నాకు బాగా తెలుసు" అని చెప్పి దిగిపోయాను. అంతా మళ్ళీ చప్పట్లు కొట్టారు.

అక్కడే అసలు సంగతి ఎందుకు చెప్పలేదంటారా? వాళ్ళు మొక్కడం పూర్తి కావాలి గదా.

ఈ పుస్తకం అచ్చయి రాగానే మొదటి ప్రతి భాస్కరరావు గారికే పంపుతాను. చదువుకున్నవాడు, చదువుతాడు. చదివి ఆ పెట్టె బద్దలుకొట్టించి మా అమ్మ కొంగు నాకు పంపించినా సరే. రాతి మీద ఆ పేరు చెరిపించి ఏస్తేరమ్మ అని రాయించినా సరే. పరువు పోతుందని ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటే ఇంకా మంచిది. ఆ ఇంటి పిల్లలు ఏటా వచ్చి మా అమ్మ కొంగుకు దణ్ణం పెట్టుకుంటూనే ఉంటారు.